వరోరా వకీలు - బాబా ఆమ్టే చివరి యేండ్లు

మన తెలుగులో దానిని పెద్దరోగమంటారు. మరాఠీలో మహారోగ్ అంటారు. రెండు భాషలవారూ దాని అసలు పేరు నోట పలుకుటకు జంకి, ‘పెద్ద’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొన్నారు. వాకిట మరాఠీ, వంటింట తెలుగు మాట్లాడుకొనే మన దెగ్లూరు కుటుంబాలకు ఈ పోలిక వేరుగా చెప్పనక్కరలేదు. సంబంధము కలుపుకొనేముందు పెద్దలు ఆరా తీసే సంగతులలో ఇదొకటి. ఏ భాషలో అడిగినా గొంతు తగ్గించే అడుగుతారు. ఆ తగ్గించిన గొంతు మీద దాదాపు అరువది యేండ్లు పోరాడిన ఒక వకీలును గూర్చి ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచినాము. ఆయన తెలుగువాడు కాడు, మన జిల్లావాడూ కాడు. అయినా ఆయన కట్టిన ఊరు మనకు మరీ దూరము కాదు. ఆయన చివరి యేండ్ల కథ, ఆయన పోయిన తరువాత చట్టాలలో వచ్చిన మార్పు మన ఇండ్లలోని పెండ్లి మాటల దాకా వచ్చి తాకుతున్నవి.

ఆయన పేరు మురళీధర్ దేవిదాస్ ఆమ్టే. లోకానికి బాబా ఆమ్టే. ‘బాబా’ అనగానే కాషాయము, జటలు తలపునకు వస్తాయి గాని ఆయన సన్యాసి కాడు. ఆలుబిడ్డలు గల సంసారి. చిన్ననాట తల్లిదండ్రులు ముద్దుగా పిలిచిన పేరే పెద్దయిన పిదప కూడా నిలిచిపోయినది.

ముందు మన వైపు సంగతి కొంత చెప్పి ఆ తరువాత వరోరాకు పోవుదము. దెగ్లూరు, బిలోలి తాలూకాలు నిజాము సర్కారులో ఉన్న కాలాన ఈ రోగానికి దగ్గరలో దొరికే వైద్యమనగా మద్నూరు, బోధన్ల మీదుగా నిజామాబాదు దాటి డిచ్‌పల్లికి పోవలసినదే. అక్కడ 1915లో వెస్లియన్ మిషనుకు చెందిన కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పినారు. భార్య ఇసబెల్ కెర్ స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు. నర్సాగౌడ్ అను స్థానిక దాత ధనసహాయము చేసినాడు. ఆ రోజులలో మందనగా చాల్‌మోగ్రా నూనె. ఆ నూనెను సూదితో ఎక్కించేవారు. నొప్పి ఎక్కువ, ఫలము కొంత. ఏమి చెప్పినా ఆ ఆసుపత్రి చేసిన మేలు చిన్నది కాదు. అయితే డిచ్‌పల్లి వంటి చోట్ల ఒక ప్రశ్న మిగిలిపోయేది. మందుతో రోగము నిలిచినవాడు, వేళ్లు పోయినవాడు, ఎక్కడికి పోవలెను? ఊరు రానిస్తుందా? ఇల్లు రానిస్తుందా? ఆసుపత్రి గేటు బయట మొదలయ్యే ఆ ప్రశ్నను చేపట్టినవాడు ఆమ్టే.

ఆయన 1914 డిసెంబరు 26న వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌లో పుట్టినారు. జాగీర్దారుల కుటుంబము. నాగపూరులో న్యాయశాస్త్రము చదివి వకీలయినారు. వేట, మోటారు కారు, సినిమాలు, ఆ సినిమాలపై పత్రికలకు విమర్శలు - ధనవంతుల బిడ్డకు ఉండే సరదాలన్నీ ఉన్నవి. వరోరాలో వకాలతు బాగానే సాగినది. కాని తాను పావుగంట వాదించినందుకు 50 రూపాయలు పుచ్చుకొనుట, పన్నెండు గంటలు చెమటోడ్చిన కూలికి ముప్పావలా కూడా దక్కకపోవుట ఆయనను నిద్రపోనీయలేదు. సేవాగ్రామము వార్ధా పక్కనే గనుక గాంధీగారి దగ్గర కొంతకాలము మెలగినారు. రైలులో ఒక ఆడపిల్లను అల్లరిపెట్టుచున్న తెల్ల సిపాయిలకు ఒంటరిగా ఎదురు నిలిచినందుకు గాంధీగారు ఆయనకు ‘అభయసాధకుడ’ని పేరు పెట్టినారు. 1946లో ఇందూ ఘులేను పెండ్లాడినారు. ఆమెయే తరువాతి సాధనాతాయి. ఆ రోజులలోనే వరోరా పురపాలక సంఘానికి ఉపాధ్యక్షులుగా ఉండి, పాకీవారు తమ పని కష్టము మీకేమి తెలుసునని నిలదీయగా తొమ్మిది నెలలు తానే మలము ఎత్తినారు. ఉపాధ్యక్షుడు నెత్తిన బుట్ట పెట్టుకొని వీధులలో నడుచుట ఆ ఊరు అంతకుముందు చూచి ఉండదు.

ఈ అభయసాధకునికి భయము పుట్టినది ఒక వానరాత్రి. దారి పక్కన ఒక మనిషి ముడుచుకొని పడియున్నాడు. చేతులకు వేళ్లు లేవు, పుండ్లలో పురుగులు. పేరు తుళసీరామ్. ఆమ్టే అతనిని చూచి ఇంటికి పరుగెత్తినారు. తెల్ల సిపాయిలకు బెదరనివాడు వేళ్లు లేని తోటి మనిషిని చూచి పారిపోయినాడు. తిరిగి వచ్చి అతనికి వాన తగులకుండ పందిరి వేసి, అన్నము పెట్టి, చనిపోయేదాకా చూచినారు గాని ఆ పరుగు ఆయనను విడువలేదు. తరువాతి కార్యమంతయు ఆ ఒక్క పరుగుకు జవాబని మాకు తోచును. ఆమ్టే జీవితాన్ని దయ, కరుణ అను మాటలతో చెప్పుట మన వ్యాసాలలో అలవాటు. ఆయన మాత్రము దానిని తన భయానికి చేసుకొన్న వైద్యముగానే ఎప్పుడూ చెప్పినారు.

కుష్ఠు వైద్యము నేర్చుకొనుటకు 1949లో కలకత్తా ఉష్ణదేశ రోగముల విద్యాలయానికి పోయినారు. రోగక్రిమిని మనిషి శరీరములో పెంచి పరిశోధించవలెనని అక్కడి వైద్యులు యోచించుచుండగా తన శరీరము తీసుకొమ్మన్నారు. సూదితో ఎక్కించినారు, రోగము రాలేదు. నార్వే వైద్యుడు హాన్సెన్ ఆ క్రిమిని 1873లోనే కనిపెట్టినాడు. ఇది పూర్వజన్మ పాపమూ కాదు, రక్తములో వచ్చునదీ కాదు, ఒక సూక్ష్మక్రిమి వలన వచ్చు జబ్బు, అదికూడ చాలామందికి సులభముగా అంటని జబ్బు. నూరేండ్లకు పైగా తెలిసియున్న ఈ మాట మన వీధులదాకా నడిచి వచ్చుటకు అంత కాలము పట్టినది.

ఇక్కడ ఒక సంగతి వివరించవలెను, ఎందుకనగా చాలామంది చదువుకొన్నవారు కూడా దీనిలో పొరపడుచున్నారు. కుష్ఠు వేళ్లను తినివేయదు. అది నరాలను చంపుతుంది. నరము చచ్చిన చేతికి నొప్పి తెలియదు. పొయ్యి మీది గిన్నె పట్టుకొన్నా కాలినట్టు తెలియదు. ముల్లు దిగినా తెలియదు. రాత్రి నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. పుండు పడి, మానక, ఎముక పోయి, వేలు పొట్టిదగును. నొప్పి లేకపోవుటయే ఈ రోగము తెచ్చే అసలు అంగవైకల్యము. కాబట్టి మందు వేసి క్రిమిని చంపినంత మాత్రాన మనిషి మునుపటి మనిషి కాడు. అతనికి జీవితాంతము జాగ్రత్త కావలెను, చేతికి తగిన పనిముట్టు కావలెను, ఉండుటకు చోటు కావలెను. వైద్యులు నయమయినదని చీటీ ఇచ్చిన తరువాత కూడా అతడు వికలాంగుడే. ఊరు మాత్రము అతనిని ఇంకా రోగియే అనుకొనును.

వరోరా బయట సర్కారు ఇచ్చినది 50 ఎకరాల రాతినేల. ఆమ్టే దంపతులు, ఇద్దరు పసిబిడ్డలు, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, చేతిలో 14 రూపాయలు. ఇవియే మూలధనము. చుట్టూ పాములు, తేళ్లు. నీరు లేదు. నొప్పి తెలియని చేతులతో రాయి పగులగొట్టి బావి త్రవ్వినారు. 1951 జూన్ 21న వినోబా భావే వచ్చి ఆ చోటును ప్రారంభించినారు. దానికి పెట్టిన పేరు ఆనందవన్. మన మాటలో ఆనందవనము. సంఘానికి మాత్రము మహారోగీ సేవా సమితి అని, దాచకుండ, రోగము పేరే పెట్టినారు.

మూడు నాలుగేండ్లలో నేల పండినది. కూరగాయలు తామే తినగా మిగిలినవి. ఆమ్టేకు సంతోషము, బండి కట్టి వరోరా బజారుకు పంపినారు. ఎవ్వరూ కొనలేదు. పెద్దరోగుల చేతి వంకాయ ఎవరి ఇంట ఉడుకును? దానముగా ధాన్యము, పాతబట్టలు ఇచ్చుటకు ముందుకు వచ్చే ఊరు, వారు పండించినది పైసలిచ్చి కొనుటకు రాలేదు. ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద ఉన్నంతకాలము ఊరికి ఇబ్బంది లేదు. ఇద్దరూ ఒకే తరాజు ముందు నిలుచుటకు వచ్చేసరికి చిక్కు వచ్చినది. దానము మనిషిని పాడుచేయును, పని మనిషిని నిలబెట్టునని ఆమ్టే పట్టిన పట్టు ఈ బజారులో గట్టిపడినదని మా అభిప్రాయము.

ఆ చిక్కు విడిపోయిన తీరు కూడ వినదగినది. 1954లో సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అను సంస్థ తరఫున దేశదేశాల యువకులు ఆనందవనానికి వచ్చి రోగులతో పాటు ఇటుకలు మోసి ఆసుపత్రి గదులు కట్టినారు. అక్కడే ఉండి, అక్కడి కూరయే తిన్నారు. తెల్లవారు తినగా ఏమీ కాలేదని చూచి వరోరా వారికి ధైర్యము వచ్చినది. మొదట వేడుక చూడ వచ్చినవారు తరువాత కూరలకు, పాలకు వచ్చినారు. తోటి భారతీయుని చేతిమీద లేని నమ్మకము పరదేశి నోటిమీద ఎట్లు కలిగినదో, అది వేరే చర్చ.

పదేండ్లు గడచినవి. 1964లో ఆనందవనపు నివాసులు తమ సంపాదనతో, తమ చేతులతో ఒక కళాశాల కట్టినారు. తమ కొరకు కాదు. వరోరా పిల్లల కొరకు, అంటే ఒకప్పుడు తమ వంకాయ ముట్టని ఇండ్ల పిల్లల కొరకు. దాని పేరు ఆనందనికేతన్. ఆ మరుసటి యేడు వ్యవసాయ కళాశాల కూడా వచ్చినది. పుచ్చుకొనే చేయి ఇచ్చే చేయి అయినది. మా దృష్టిలో ఆమ్టే చేసిన పనులన్నిటిలో ఇదియే పెద్దది. తరువాత వచ్చిన బిరుదులు దీనికి సాటి రావు. చదువుకొను పిల్లవాడు ప్రతి ఉదయము ఆనందవనపు గేటు దాటి లోపలికి పోవలసి ఉండును. గేటు దాటినవాని ఇంట గొంతు తగ్గించి అడిగే ప్రశ్నకు ఎంత బలముండును?

తరువాత గుడ్డివారికి, చెవిటివారికి బడులు వచ్చినవి. పోలియో సోకినవారు, కాళ్లు పోయినవారు వచ్చి చేరినారు. మగ్గాలు, అచ్చు యంత్రము, రేకు పని, మూడు చక్రాల బండ్ల తయారీ సాగినవి. కండ్లు లేనివానికి కాళ్లున్నవి, కాళ్లు లేనివానికి కండ్లున్నవి. పని పంచుకొనుటకు ఇంతకన్న ఏమి కావలెను? నయమైన స్త్రీపురుషులు పెండ్లిండ్లు చేసుకొని కాపురాలు పెట్టినారు. పెద్దరోగికి పెండ్లి అన్న మాటయే ఆనాడు వింత. 1967లో సోమనాథ్ వద్ద మరొక వ్యవసాయ క్షేత్రము, 1973 డిసెంబరులో గోండు అడవుల నడుమ హేమల్కసా వద్ద లోక్ బిరాదరీ ప్రకల్ప మొదలైనవి. హేమల్కసాను గూర్చి మనవారికి ఒక మాట. అది భామ్రాగఢ్ పక్కన, పాములగౌతమి, పర్లకోట, ఇంద్రావతి కలిసే చోట ఉన్నది. పాములగౌతమి! మహారాష్ట్ర అడవులలోని ఏటికి అచ్చ తెలుగు పేరు. దానికి దక్షిణాన సిరొంచా తాలూకాలో తెలుగే ఇంటి భాష. రాష్ట్రాల గీతలకు భాషలు ఒదగవని దెగ్లూరు వారికి ఎవరు చెప్పవలెను? 1956 నవంబరు 1న మనము హైదరాబాదు రాష్ట్రము నుండి, వరోరా, సిరొంచాల వారు మధ్యప్రదేశ్ నుండి, ఒకే దినాన బొంబాయి రాష్ట్రములో చేరినాము.

ఇక ఆయన శరీరము సంగతి. వెన్నెముక అరుగుదల వ్యాధి ఆయనను నడివయసులోనే పట్టినది. శస్త్రచికిత్సలు జరిగినవి. చివరకు నిలుచుట, పడుకొనుట మాత్రమే మిగిలినవి, కూర్చొనుట పోయినది. భోజనము నిలుచుండియే. చదువు, ఉత్తరాలు, అతిథులతో మాటలు పడుకొనియే. కుర్చీలో కూర్చొనలేని మనిషి మన దేశములో ఏ కచేరీకి పోగలడు, ఏ సభలో పాల్గొనగలడు, ఏ బస్సు ఎక్కగలడు? వికలాంగుల పక్షాన మాట్లాడినవాడు ముప్పది యేండ్లకు పైగా తానే వికలాంగుడుగా బ్రతికినాడు. వార్తాపత్రికలు ఈ సంగతిని ఒక వాక్యములో ముగించి బిరుదుల పట్టికకు పోవును. మేము అటులు పోలేము.

ఎందుకనగా, ఆయన అతి దూరప్రయాణాలు చేసినది ఈ స్థితిలోనే. 1985 డిసెంబరులో, డెబ్బది యొకటవ యేట, కన్యాకుమారి నుండి కాశ్మీరము వైపు ‘భారత్ జోడో’ యాత్ర బయలుదేరినది. పంజాబు మండుచున్న కాలమది. నూటికి పైగా యువతీయువకులు సైకిళ్ల మీద, ఆయన బండిలో పరుపుమీద పడుకొని. 1988లో మరల అరుణాచలము నుండి గుజరాతు ఓఖా దాకా అటువంటిదే రెండవ యాత్ర. పడుకొన్న మనిషి దేశాన్ని ఈ కొస నుండి ఆ కొసకు రెండుమారులు కొలిచినాడు.

బిరుదుల విషయము త్వరగా చెప్పి విడుతుము: 1971లో పద్మశ్రీ, 1985లో మాగ్సేసే, 1986లో పద్మవిభూషణ్, 1988లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల బహుమానము, 1990లో టెంపుల్టన్, 1999లో గాంధీ శాంతి బహుమానము. వీనిలో రెండు పద్మ బిరుదులను 1991లో ఆయన ప్రభుత్వానికి తిప్పి పంపినారు. దాని కారణము ఆయన చివరి యేండ్ల కథలో ఉన్నది.

1990లో ఆయన ఆనందవనము విడిచినారు. డెబ్బదియైదేండ్లు దాటిన వయసు, కూర్చొనలేని నడుము. భార్యతో కూడ నర్మదా తీరాన బడ్వానీ దగ్గర కసరావద్ అను పల్లె చేరి చిన్న ఇంట కాపురము పెట్టినారు. సర్దార్ సరోవర్ ఆనకట్ట లేచుచున్నది. వందలాది పల్లెలు మునుగవలసి యున్నవి. ఆ పల్లెలలో ఒకటి మునిగినపుడు తాను అక్కడ ఉండవలెనన్నది ఆయన పట్టు. మరాఠీ దేశములో కూడ చాలామంది అప్పుడు ఆయనను తప్పుపట్టినారు. తాను పెంచిన ఆశ్రమాన్ని, తనను నమ్మిన రోగులను విడిచి ఆనకట్టల రాజకీయములో దిగినాడన్నారు. గుజరాతులో నీటికై ఎదురుచూచు రైతుల దుఃఖము ఆయనకు పట్టదా అన్నవారూ ఉన్నారు. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. ఆనకట్ట మంచిదా చెడ్డదా అన్న వాదములోనికి మేము దిగము. పోచంపాడు కట్టినపుడు మునిగిన ఊళ్లవారి బంధువులు మన సంఘములోనూ ఉందురు, దాని నీటితో పండించుకొన్నవారూ ఉందురు. కాని ఆమ్టే తన పని మార్చినాడన్న మాటను మాత్రము మేము ఒప్పుకొనము. ఆయన మొదటినుండి చూచినది ఒక్కరినే: ఊరు వెళ్లగొట్టిన మనిషిని. 1949లో అతనిని రోగము పేర వెళ్లగొట్టినారు. 1990లో నీటి పేర. ఇల్లు పోయినవానికి పరిహారపు డబ్బులు దానముగా పారవేయుట, రోగికి పాతబట్టలు వేయుట ఆయన కంటికి ఒకే తీరున కనిపించి ఉండవలెను.

సుమారు పదేండ్లు ఆ తీరాన గడిపినారు. ఆనకట్ట ఆగలేదు. 2000 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడ కట్టుబడికే అనుకూలమైనది. ఓడిపోయినాడని అనవచ్చును. దేహము మరింత కృశించి ఆనందవనానికి తిరిగి వచ్చినారు. అప్పటికి పెద్ద కుమారుడు వికాస్ ఆనందవనాన్ని, చిన్న కుమారుడు ప్రకాశ్, కోడలు మందాకిని హేమల్కసాను నడుపుచున్నారు, ముగ్గురూ వైద్యులు. ముసలాయన వారి పనికి అడ్డుపడకుండ మంచముమీద నుండియే వచ్చినవారితో మాట్లాడుచు, చేతనైనపుడు నిలుచుండి నాలుగడుగులు వేయుచు కాలము గడిపినారు. తాను నాటిన చెట్లు అడవియైనవి. పాతవారు ఒక్కొక్కరే రాలిపోవుచున్నారు; పోయినవారిని ఆ నేలలోనే పాతిపెట్టేవారు.

2007లో రక్తపు క్యాన్సరు బయటపడినది. 2008 ఫిబ్రవరి 9 తెల్లవారుజామున ఆనందవనములో కన్నుమూసినారు. వయస్సు 93. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి గాని, పుట్టిన కులాచారము ప్రకారము దహనము కాలేదు. కట్టె కాల్చవద్దు, దేహము మట్టికి ఎరువు కావలెనని ఆయన ముందే కోరియున్నారు. కనుక ఆనందవనపు నేలలోనే, పోయిన తన తోటివారి వలె ఖననము చేసినారు. జాగీర్దారు బిడ్డకు, పెద్దరోగికి ఒకే మట్టి. సాధనాతాయి 2011 జూలైలో పోయినారు. ‘సమిధా’ అను మరాఠీ ఆత్మకథలో ఆ సంసారము లోపలినుండి ఎట్లుండెనో ఆమె వ్రాసినారు. మరాఠీ చదువగల మన ఆడపడుచులు తప్పక చదువదగిన పుస్తకము. మహాపురుషుని ఇంట పొయ్యి ఎవరు వెలిగించినారో అందులో తెలియును.

ఆయన పోయిన ఆ 2008లోనే రెండు సంగతులు జరిగినవి. ఒకటి సంతోషకరము: ప్రకాశ్, మందాకినీలకు మాగ్సేసే బహుమానము వచ్చినది, తండ్రికి వచ్చిన బహుమానమే ఇరువది మూడేండ్ల తరువాత కొడుకు కోడండ్లకు. రెండవది వేరు. ఒరిస్సాలో పురపాలక ఎన్నికలలో గెలిచిన ఒకరి పదవి, ఆయనకు కుష్ఠు ఉన్నదన్న కారణముగా పోయినది. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాకా పోగా, అటువంటివారు పదవికి అనర్హులన్న ఆ రాష్ట్ర చట్టము సరియేనని కోర్టు తీర్పు చెప్పినది. ఒకప్పుడు పురపాలక ఉపాధ్యక్షుడుగా ఉండి, ఆ పదవి విడిచి రోగుల పక్షము చేరిన వకీలు కన్నుమూసిన యేడే ఇది.

వైద్యము వరకు లోకము చాలా ముందుకు వచ్చినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స సిఫారసు చేసినది. ఆరు నెలలు లేదా ఒక యేడు మాత్రలు మింగిన చాలును. సర్కారు దవాఖానాలో అవి ఉచితము. తొలిదశలో పట్టినచో వేళ్లు వంకర పోవుట కూడా ఉండదు. 2005 చివరకు దేశము మొత్తముమీద పదివేలమందికి ఒక్కరికన్న తక్కువ రోగులున్నారని ప్రభుత్వము ప్రకటించినది. ‘నిర్మూలన’ అన్న మాట వినగానే రోగము పూర్తిగా పోయినదని అర్థము చేసుకొనరాదు. దేశములో ప్రతి యేట కొత్త రోగులు బయటపడుచునే ఉన్నారు. చర్మముమీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపించినచో చూపించుకొనవలెను. నొప్పి లేదని ఊరకుండరాదు, నొప్పి లేకపోవుటయే గురుతు.

చట్టము మాత్రము మందు వెనుక చాలా మెల్లగా నడిచినది. 1995 నాటి వికలాంగుల చట్టములో కుష్ఠు నయమైనవారిని ఒక తరగతిగా చేర్చినారు. 2016 చట్టములోనూ వారున్నారు. రోగులను పట్టి నిర్బంధించుటకు ఆంగ్లేయులు 1898లో చేసిన చట్టము 2016 దాకా పుస్తకాలలో బ్రతికియే ఉన్నది. అంతకన్న మన ఇండ్లకు దగ్గరిది 1955 హిందూ వివాహ చట్టము: భార్యకో భర్తకో నయము కాని కుష్ఠు ఉన్నదని చూపి విడాకులు కోరవచ్చునని అందులో ఉండెను. ముస్లిముల, క్రైస్తవుల చట్టాలలోనూ ఇటువంటి మాటలే ఉండెను. నయము కాని కుష్ఠు అన్నదే లోకములో లేకుండ పోయిన తరువాత కూడ ఆ మాట ముప్పది యేండ్లకు పైగా నిలిచినది. 2015లో లా కమిషను తన 256వ నివేదికలో వీనిని తీసివేయుమన్నది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చినది. 2019 ఫిబ్రవరిలో పార్లమెంటు ఒకే సవరణతో ఐదు చట్టాలనుండి ఆ మాట కొట్టివేసినది. వకీలు పోయిన పదకొండేండ్లకు ఆయన వ్యాజ్యములో ఒక భాగము గెలిచినదని చెప్పవచ్చును. ఈ మార్పు ఒక్క ఆమ్టే వలన వచ్చినదనుట అతిశయోక్తి. రోగులు తామే సంఘాలుగా ఏర్పడి, అనేక న్యాయవాదులు పూనుకొని సాధించినది. కాని నయమైన రోగి పెండ్లి చేసుకొని, పంట అమ్మి, కళాశాల కట్టగలడని దేశానికి కండ్ల ఎదుట చూపిన చోట్లలో మొదట చెప్పదగినది ఆనందవనము.

వికలాంగుల హక్కులకై పాటుపడే నేటి యువకులలో కొందరు ఆనందవనము వంటి ప్రత్యేక గ్రామాలను మెచ్చుకొనరు. మనుషులను వేరుగా ఉంచి బాగుచేయుట కన్న ఊరిలోనే ఉంచి ఊరిని బాగుచేయవలెనందురు. వారి మాటలో పస ఉన్నది. 1949లో ఊరు అందుకు సిద్ధముగా లేదన్నది కూడ నిజమే. స్థాపకులు పోయిన తరువాత ఏ సంస్థకైనా వచ్చే కష్టాలు ఆనందవనానికీ వచ్చినవి. 2020లో అవి పత్రికల కెక్కినవి. ఆ కుటుంబపు దుఃఖాన్ని ఇక్కడ తవ్వదలచుకొనలేదు.

వేసవిలో పిల్లలను వెంటబెట్టుకొని పోదలచినవారికి దారి చెప్పెదము. దెగ్లూరు నుండి నాందేడు పోయి, భోకర్, కిన్వట్ల మీదుగా ఆదిలాబాదు చేరవలెను. నాందేడు నుండి అక్కడికి రైలు కూడ ఉన్నది. ఆదిలాబాదు దాటి పెన్‌గంగ దాటితే వణీ, వణీ నుండి వరోరా. రైలులో పోవువారు కాజీపేట, బల్లార్షా మీదుగా నాగపూరు పోవు దారిలో చంద్రపూర్ దాటిన తరువాత వరోరా స్టేషనులో దిగవచ్చును. మనవారు ఎందరో ఢిల్లీకి పోవుచు రాత్రివేళ నిద్రలో ఆ స్టేషను దాటిపోయి ఉందురు. ఆనందవనములో అమ్మకపు కొట్టు ఉన్నది. అక్కడివారి చేతుల మీద నేసిన దుప్పట్లు, తువాళ్లు దొరకును. దానముగా ఏమీ ఇవ్వనక్కరలేదు, వెల ఇచ్చి కొనుక్కొని రావచ్చును.